బరువు పెరిగిన రింగు

1983, హన్మకొండలో ఒక అద్దె గది. పెళ్లయి ఇరవై రెండు రోజులు. హన్నా బియ్యం ఏరుతుండగా, ల్యాబులో టెంపరరీ ఉద్యోగం చేసే భర్త ఏలియా సైకిలును గోడకు ఆనించి లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"హన్నా! పాసైంది! మన రింగు పాసైంది!"

"జర చెప్పులన్న ఇడువుండ్రి. ఏ రింగు, పగటిపూట నేను చూసిందా?"

"గదే, బస్సు ఇంజన్‌ల పెట్టేది. కొత్త పూత పూసి ఇరవై గంటలు మిషన్ల రుద్దినం. పూత లేంది పన్నెండు మిల్లీగ్రాములు అరిగింది. మనది ఎంత అరిగిందో చెప్పు?"

"నాలుగు?"

"అరుగుడేంది, రెండు పెరిగింది!"

"పెరిగిందా?"

"మా ల్యాబు సారు భుజం తట్టిండు. ఎల్లుండి రింగు బస్సుకెక్కిస్తరట. నన్ను పర్మనెంటు చేస్తరట! ఏంది, నవ్వవేంది?"

"రుద్దితే ఇనుము బరువు పెరుగుడేందండి? నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. తూకానికి ముందు కడిగిండ్రా?"

"మంచిగ కడిగిన, ఆరబెట్టిన. అప్పుడే నువ్వు ల్యాబుకు గారెలు తెచ్చినవ్, తిన్నం..."

"తిన్నంక?"

"తిన్నంక ఏమున్నది... తూకమేసిన."

"నడుమల ఇంకోటి చేసిండ్రు."

"ఏం చేసిన?"

"ఆ రింగు నా చేతికి గాజు లెక్క తొడిగిండ్రు. మోచేతి దాక జారింది. ఇద్దరం పడి పడి నవ్వినం."

"అబ్బ! గారెల నూనె..."

"మీ చేతిది, నా చేతిది. పెరిగిన బరువు గదే!"

"ఎవలికెరుక, హన్నా? సారు సంతకం గూడ పెట్టిండు."

"ఆ బస్సులనే మా అమ్మ మరిపెడ నుంచి వస్తదండి."

"మళ్ల కడిగి తూస్తే, ఎనిమిది మిల్లీగ్రాములు అరిగినట్టొస్తే? పర్మనెంటు పాయె."

"రెండే అరిగినట్టొస్తే? అప్పుడు మీ పూత నిజంగనే గెలిచినట్టు."

"సారుకేం చెప్పాలె? పెండ్లానికి గాజు తొడిగిన అనా? ల్యాబంత నవ్వుతది."

"మీ పేరెందుకు? నేనే అడిగి తొడిగించుకున్ననని చెప్త. కొత్త పెండ్లికూతురు, తెల్వదు అనుకుంటరు."





"వద్దు. నువ్వడగలే, నేనే తొడిగిన. రేపు ఏడింటికే ఇద్దరం పోదాం. సారుకు ఉన్నదున్నట్టు నేను చెప్త, తూకం నువ్వెయ్యి. నేను చేతులు వెనుకకు కట్టుకుని నిలబడ్త."