చప్పగా ఉందన్నారు

అదికాదండీ అచ్యుతరావు గారూ, మందు పూసిన కాగితం ముక్క నాలిక మీద పెట్టి, చేదా చప్పనా అని అడిగి పోయేవారు పోక, "ఈ పిల్ల మీ ఇద్దరికీ పుట్టడం కష్టమే" అని నలుగురిలో అనేస్తారా? రేవులో మీ దోనె కాస్సేపు ఆగుతుంది లెండి. కూర్చోండి.

మీరు మంచివారే, కాదన్లేదు. తల్లి నుంచి ఏం వచ్చిందో, తండ్రి నుంచి ఏం వచ్చిందో కనిపెట్టి మనిషి ఒంటికి పటం గీస్తామన్నారు. జీన్సో ఏదో అన్నారు. కొత్త రాష్ట్రం వచ్చాక మా లంకలో అడుగుపెట్టిన మొదటి చదువుకున్నాయన కదా అని మేమూ వరసలో నిలబడ్డాం.

నాకు చప్పగానే ఉందండీ, ఒట్టు. మా ఆయన ముత్యాలరావూ చప్పగా ఉందన్నారు. మా సత్యవేణి మాత్రం మీ బూట్ల మీదే ఉమ్మేసింది. తల్లిదండ్రులిద్దరికీ చప్పగా ఉంటే పిల్లకి చేదు తెలియకూడదే అని మీరు తల గోక్కున్నారు. తల మీది. కొంప నాది.

ఆ పూట మా అత్త వీరరాఘవమ్మ నా చేతి నీళ్ళు ముట్టలేదు. మా ఆయనేమో పిల్ల ఒళ్ళోకి వస్తే దాని మొహంలోకి తేరిపార చూశారు. అలా ఎప్పుడూ చూడలేదండీ. తిట్టినా బాగుండేది.

పెళ్ళయ్యాక నేనీ లంక దాటింది పురిటికి మండవల్లి వెళ్ళినప్పుడే. నా సంగతి నాకు తెలియదా? నాకు తెలిస్తే చాలదు కదా మరి. కూర్చుని ఆలోచించాను. నేను అబద్ధమాడలేదు. పసిపిల్ల ఆడలేదు. మీ శాస్త్రం తప్పు కాదంటున్నారు. ఇక మిగిలిందెవరండీ?

మర్నాడు మీరు స్నానానికి వెళ్ళినప్పుడు మీ సంచీలోంచి ఓ కాగితం తీశాను. ముక్కలు చేసి, గరిటెడు కొర్రమీను పులుసులో నానబెట్టి ఆయన కంచంలో పోశాను.

మొదటి ముద్దకే మొహం వంకర్లు పోయింది. "కడుపులో చేదుకట్టె చిట్లిన చేపని వండావేంటే?" అని కంచం తోసేశారు. ఆ కంచమే నా ముందుకు లాక్కుని శుభ్రంగా తిన్నాను. మా అత్త చూస్తూనే ఉంది.

అప్పుడు బయటపడింది. మీరు మొదటి కాగితం ఇచ్చింది మా లంక పెద్దాయన సూర్రావు గారికి కదా. ఓర్పుకి పరీక్ష అనుకున్నారో ఏవిటో, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా చప్పగా ఉందన్నారు. ఆయనే అలా అంటే వెనకున్న మగాళ్ళు చేదని ఎలా అంటారండీ? మా ఆయనైతే గుటకేసి నవ్వారు కూడానూ.

"మరి నా పరువు?" అన్నాను. తల వంచుకుని పిల్లని భుజానికెత్తుకున్నారు. మా అత్త నా చేతి నీళ్ళు తాగి, వీడు చిన్నప్పట్నుంచీ అంతేనంది. ఆవిడ క్షమాపణ అదే.

ఏంటండీ, మొహం అలా పెట్టారు? లంకలో ఇంకెంతమంది అలా గుటకేశారనా? అదీ తేలిపోతుంది లెండి. సంచీలో కాగితాలు తగ్గాయని వెతుక్కోకండి. ఆడవాళ్ళకి పంచేశాను. ఇవాళ ఇంటింటా చేపల పులుసే.

ఒక్క శేషారత్నం తీసుకోలేదు. నేను చెయ్యి చాపితే "మాకొద్దులే వదినా" అని నవ్వింది. అవతల వాళ్ళాయన కొడుకుని మెడ మీద ఎక్కించుకుని రేవులో తిప్పుతున్నాడు. నేను మళ్ళీ చాపలేదు.

మీరు కూడా మీ పుస్తకంలో ఆ ఇల్లు కొట్టెయ్యండి. ఎందుకని నన్నడక్కండి. నాకూ తెలీదు, తెలుసుకోను కూడా. అంత పెద్ద పటంలో ఒక్క ఇల్లు ఖాళీగా ఉంటే మీ చదువు ఆగిపోతుందా?

కొట్టేశారా? ఏదీ, ఇలా చూపించండి. అక్షరాలు రాకపోయినా, కొట్టేసిన గీత గుర్తుపడతానండీ.