పిడికిలితో కొలిచిన ఆకాశం

అధ్యక్షస్థానంలో కూర్చుని అప్పుడే ఒకసారి గడియారం వైపు చూసుకున్న హెడ్మాస్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, మూడో తరగతి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే సర్దుకుని కూర్చున్న తల్లులకు, తండ్రులకు, కిటికీ ఊచలు పట్టుకుని తొంగిచూస్తున్న పిల్లలకు, ఈ సాయంత్రంతో ఉద్యోగ విరమణ చేస్తున్న మన టీచరు గారికి నా నమస్కారాలు.

నేను లిఫ్టులు బాగుచేసి బతికినవాణ్ణి. మనుషుల్ని పైకి పంపడం తెలుసు గానీ, పొగిడి పైకెత్తడం చేతకాదు. (నవ్వులు) టీచరు గారు కూడా, "పొగడొద్దు, జరిగింది చెప్పండి చాలు" అన్నారు. కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను.

నా మనవరాలు ఆ కిటికీ దగ్గర ఉంది, అందరికంటే పొట్టిగా. ఇంట్లో దాన్ని ఆవగింజ అంటాం. చూడండి, అనగానే తల కిందికి దించేసింది. రెండేళ్ళ కిందట ఈ ఆవగింజకి లెక్కల పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వచ్చేది. నటన కాదు, తిన్నది నిజంగా కక్కేసేది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, జబ్బు ఇక్కడ లేదన్నాడు. మా అబ్బాయి సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి పిల్లని కూర్చోబెట్టి తీసివేతలు చెప్పేవాడు. పది నిమిషాలకు గొంతు లేచేది, పదిహేను నిమిషాలకు పిల్ల కళ్ళనిండా నీళ్ళు. కోడలు దాన్ని ఒళ్ళోకి లాక్కుని, "పోనీలే అమ్మా, నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావు" అని ఓదార్చేది. ఆ తరవాత మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఉండేది కాదు. అన్నం పళ్ళాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఇల్లు ఎలా ఉంటుందో ఇక్కడ కొందరికి తెలిసే ఉంటుంది.

ట్యూషన్ పెట్టించాలా అని అడగడానికి కోడలు ఈ బడికి వచ్చింది. టీచరు గారు వద్దన్నారు. శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్ళకే ఒక క్లాసు పెడుతున్నాను, మీరు రండి అన్నారు. మా కోడలు కంటి డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది, రోజూ వందమందితో మాట్లాడుతుంది. అయినా లెక్కల టీచరు పిలిచిందనగానే వెనకడుగు వేసింది. తోడు రమ్మని నన్ను బతిమాలింది. అలా నేను ఈ వయసులో మూడో తరగతిలో చేరాను. (నవ్వులు)

పలకా బలపం ఇస్తారనుకున్నాం. ఒక నీళ్ళ తొట్టి పెట్టారు. పక్కన కమలాపండు. ఇది తేలుతుందా, మునుగుతుందా అని అడిగారు. తేలింది. మరి తొక్క ఒలిచేస్తే? బరువు తగ్గుతుంది కాబట్టి ఇంకా బాగా తేలుతుందని నేను పెద్దమనిషి తరహాలో చెప్పాను. కోడలు కూడా నా మాటే అంది. టీచరు గారు ఒలిచి వేశారు. పండు బుడుంగున అడుక్కి పోయింది. గది గదంతా తొట్టి మీదికి వంగిపోయాం. ఆవిడ మమ్మల్ని తప్పన్నారా? లేదు. "మీరు అలా ఎందుకనుకున్నారు?" అని కోడల్ని అడిగారు. అడిగి, జవాబు కోసం నిజంగా ఆగారు. ఆ అమ్మాయి తన ఆలోచన చెప్పింది. తొక్కలో గాలి ఉంటుందేమోనని ఇంకెవరో అన్నారు. తప్పు చెప్పిన మనిషిని చూసి ఎవరూ నవ్వని తరగతి గదిలో కోడలు కూర్చోవడం అదే మొదటిసారని, ఇంటికి వెళ్తూ దారిలో నాతో చెప్పింది.

బయల్దేరే ముందు టీచరు గారు కోడల్ని పక్కకి పిలిచి ఒకే మాట చెప్పారు. "నాకూ లెక్కలు రావని మీరు మందులా ఇస్తున్నారమ్మా. పిల్లకి అది ఆస్తిలా అందుతోంది. దాని బదులు, తెలీదు, చూద్దాం పద అనండి."

ఆ మాట అనాల్సిన రోజు త్వరలోనే వచ్చింది. పొద్దున్న బడికి తయారై గుమ్మంలో నిలబడ్డ ఆవగింజ పైకి చూసి, "తాతయ్యా, చంద్రుడింకా ఇంటికి వెళ్ళలేదు" అంది. పగలు చంద్రుడేమిటే, అది మబ్బుముక్క అన్నాను. పిల్ల చూపు దించి సంచీ సర్దుకుంది. అప్పుడు కోడలు చెప్పులు విడిచి, "మావయ్యా, ఒక్క నిమిషం" అని, పిల్ల చెయ్యి పట్టుకుని, "తెలీదు, చూద్దాం పద" అంటూ మేడ మెట్లెక్కింది. నేనూ వెనకాలే వెళ్ళాను. అయ్యా, ఉన్నాడు. తెల్లగా, పలచగా, ఒక పక్క అరిగిపోయి, ఎండలో నిలబడి ఉన్నాడు. నా జీవితమంతా మేడల మీద, లిఫ్టు గదుల దగ్గర, ఆకాశం కిందే గడిచింది. ఒక్కనాడూ ఆయన్ని పగలు పలకరించలేదు.

విషయం టీచరు గారికి చేరింది. చేయి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పిడికిలి పక్కన పిడికిలి పేర్చుకుంటూ ఆకాశంలో దూరం కొలవచ్చని ఆవిడ నేర్పారు. సూర్యుడి వైపు మాత్రం చూడొద్దని, అటు నీళ్ళట్యాంకు అడ్డం ఉండేలా నిలబడి ట్యాంకు అంచు నుంచి చంద్రుడి దాకా కొలవమని మరీ మరీ చెప్పారు.

మర్నాడు మా అబ్బాయికి సెలవు. అందరం మేడెక్కాం. వాడి పిడికిలి కొబ్బరికాయంత, పిల్లది నిమ్మకాయంత. పిల్లకి రెట్టింపు పిడికిళ్ళు పడతాయని నేను పందెం వేశాను. అబ్బాయి కొలిచాడు, తొమ్మిది. పిల్ల పెదాలు కదుపుతూ కొలిచింది, తొమ్మిది. ఎక్కడో జారిపోయావు, మళ్ళీ కొలువు అన్నాడు వాడు. మళ్ళీ తొమ్మిదే. కోడలు మా అబ్బాయి చాపిన చేతినీ, పిల్ల చాపిన చేతినీ మార్చి మార్చి చూసింది.

"దాని పిడికిలే కాదండీ, చెయ్యి కూడా పొట్టిదేగా. చిన్న పిడికిలి కంటికి దగ్గరగా ఉంది, మీ పెద్ద పిడికిలి దూరంగా ఉంది. అందుకే సరిపోయింది."

అనేసి, ఆ మాట ఇంకెవరో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. (కాస్త నీళ్ళిస్తారా... ధన్యవాదాలు.) ఏ వయసు మనిషికి ఆ వయసు కొలబద్ద పుట్టుకతోనే వచ్చిందని, దాంతో ఆకాశాన్ని అందుకుంటే పెద్దకీ చిన్నకీ ఒకే లెక్క వస్తుందని, అంత పెద్ద సంగతి మా బట్టలారేసుకునే తీగల మధ్య బయటపడింది.

తరవాతి రోజు అదే వేళకి ఎనిమిది పిడికిళ్ళకి కాస్త తక్కువ. ఆ తరవాతిది ఆరున్నర. రోజుకి ఒక పిడికిలీ ఇంకాస్తా తగ్గుతోందని పిల్లే పట్టుకుంది. దాన్ని తీసివేత అంటారని మేమెవరం గుర్తు చేయలేదు, భయపడుతుందేమోనని. (నవ్వులు) ఎదురింటి పిట్టగోడ మీద ఒక చోటు చూపించి, రేపు సరిగ్గా దాని పైన ఉంటాడంది. మర్నాడు వెళ్ళి చూస్తే అక్కడే ఉన్నాడు. అంత చిన్న మనిషి చెప్పిన చోటికి చంద్రుడు వచ్చి నిలబడితే చూసినవాణ్ణి, నాకు ఇంకే అద్భుతమూ అక్కర్లేదు.

మా ఆవగింజ క్లాసు ఫస్టు వచ్చిందనుకునేరు, లేదు. మార్కులు మధ్యరకమే. కానీ ఆ తరవాత పరీక్ష రోజున తిన్నది కక్కకుండా బడికి వెళ్ళింది. తిరిగొచ్చి, ఒక లెక్క తప్పుపోయిందని, ఎక్కడ తప్పానో కూడా తెలిసిందని వాళ్ళ నాన్నకి వివరంగా చెప్పింది. వాడు గొంతు లేపలేదు. పిల్ల చెబుతున్నంతసేపూ దాని మొహమే చూస్తూ కూర్చున్నాడు. అన్నాలప్పుడు మా ఇంట్లో ఇప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను, హెడ్మాస్టరు గారు మళ్ళీ గడియారం చూస్తున్నారు. మా ఇంటికి ఈమధ్య రెండో మనవరాలు వచ్చింది. ఇంకా మాటలు రాలేదు. ఎత్తుకుర్చీలో కూర్చోబెడితే చెంచా కింద పడేస్తుంది, పడినచోటికి వంగి చూస్తుంది, చేతికిస్తే మళ్ళీ పడేస్తుంది. మొన్న నేను విసుక్కుని చెంచా తీసి దాచబోయాను. కోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండండి మావయ్యా, అది ఏదో చూసుకుంటోంది" అంది. చెంచా తీసి పిల్లకిచ్చి, తనూ నేల మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అది పడేదాకా ఎదురుచూసింది.

టీచరు గారూ, ఈ చిన్నది నడిచి బడికొచ్చే నాటికి మీరిక్కడ ఉండరు. ఆ దిగులు మాకుంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఇంటి దగ్గర వాళ్ళమ్మ ఉంటుంది.

ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. టీచరు గారికి చేతులెత్తి నమస్కరిస్తూ, మా ఇంటిల్లిపాది తరఫున సెలవు.