గోనె ముసుగు మీద జరీ అంచు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన సంఘం పెద్ద, ఈ దేశపు మర్యాదకు పేరు ముందు 'ఊ' చేర్చి పిలుచుకునే ఊ గోపీకృష్ణ గారికి, వారి సతీమణి, కోశాధికారిణి పద్మిని గారికి, ముందు వరుసల్లో ఆసీనులైన అహ్లోన్, చిమిండైంగ్, తామ్వే పేటల పెద్దలకు, ఫంకా కింద చోటు దొరకక గుమ్మం దగ్గరే నిలబడిపోయిన మిత్రులకు, నా ఆదివారం తరగతిలో ఇంకా మిగిలి ఉన్నవారికి, కనకరత్నం నమస్కారం.

కరెంటు పోతే జనరేటరులో నూనె చాలదు, క్లుప్తంగా ముగించమని పద్మిని గారు ఇందాక నా చెవిలో చెప్పారు. ప్రయత్నిస్తాను. నాకు ముందు మాట్లాడిన పెద్దలు నన్ను సరస్వతీ పుత్రిక అన్నారు. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో కుట్లు సరిచూసి, రాత్రిబడిలో పదో తరగతి దాటి, ఆపైన దూరవిద్యలో చరిత్ర చదివి పట్టా తెచ్చుకున్నదాన్ని. ఆ పట్టా నాకు ఏ దేవతా ప్రసాదించలేదు, నేనే సంపాదించుకున్నాను. ఈ ఒక్క సవరణతో మీ పొగడ్తలన్నీ స్వీకరిస్తున్నాను. (నవ్వులు)

ఈ హాలు పై గదిలో నేను నడిపిన తెలుగు తరగతి ఈరోజుతో ఆగిపోతుంది. ఆ గది ఇకమీదట పెళ్లికూతుళ్లు బట్టలు మార్చుకునే గది అవుతుంది. తరగతికి మనుషులు లేరు కనుక మూసేస్తున్నామని ఆహ్వానపత్రికలో రాశారు. అది అబద్ధం కాదు, కుర్రవాళ్లు ఒక్కొక్కరే థాయిలాండ్ దారి పట్టారు. కానీ అసలు కారణం నా వెనక, ఈ తెర చాటున, గోడకు తగిలించి ఉంది. నేను దిగాక అధ్యక్షులవారు తెర లాగి ఆ చిత్రాన్ని ఆవిష్కరిస్తారు. అక్కడ మొదట ఏముండేదో, ఇప్పుడేముందో తెర లాగకముందే చెప్పడం నా బాధ్యత.

పాన్సొడాన్ వీధిలో, పాత పుస్తకాల బల్ల మీద, అట్ట ఊడిపోయిన లావుపాటి బొమ్మల పుస్తకం ఒకటి నాకు దొరికింది. అన్నీ ఎప్పటివో డచ్చి చిత్రాలు. భీమిలి నుంచి ఓడెక్కి ఈ దేశం చేరిన మన తాతలు అక్కడి కబుర్లు చెబుతూ 'ఒలందావోళ్ల గోరీలు' అనేవారే, ఆ ఒలందావాళ్లే. మన తీరంలో అద్దకం వేసిన గుడ్డల్ని ఓడల్లో తీసుకెళ్లి తొడుక్కున్నవాళ్లే. ఆ బొమ్మల్లో రాజులు తక్కువ, దేవుళ్లు తక్కువ. వాకిలి ఊడ్చే మనిషి, పళ్లు తొక్క తీసే మనిషి, ఉతికిన దుప్పట్లు గడ్డి మీద ఎండకు పరిచే మనుషులు, చలికి నిప్పుల పెట్టె మీద కాళ్లు పెట్టుకుని కుట్టుపని చేసుకునే ఇల్లాలు. ఇంటి వస్తువులకు తెలుగు పేర్లు మరిచిపోయిన మన పిల్లల చేత చీపురు, చేట, దువ్వెన, కుండ అనిపించడానికి నాకు అంతకంటే మంచి వాచకం దొరకలేదు. దానికి నాకు డచ్చి టీచరమ్మ అని పేరు పెట్టారు. పెట్టినవారు ఈ హాల్లోనే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా.

ఒక బొమ్మలో తల్లి బిడ్డ తలను ఒళ్లో పెట్టుకుని పేలు చూస్తూ ఉంటుంది. మనవరాలితో కలిసి తరగతికి వచ్చే అచ్చమ్మ గారు ఆ బొమ్మ చూసి, "ఓలమ్మా, తెల్లోళ్లకీ పేలుంటాయేటే?" అన్నారు. ఉంటాయి పెద్దమ్మా అన్నాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూసి, "ఆయమ్మ ఏళ్లు సూడు, పేను దొరికీసినట్టే ఉన్నాది" అన్నారు. (నవ్వులు) మరో రోజు, నల్లబట్టల్లో నిలబడిన ఒక దొరగారి చిత్రం చూసి, మన అధ్యక్షులవారే, "పాపం, ఈయన ఇంట్లో ఎవులు పోయినారు?" అని జాలిపడ్డారు. ఎవరూ పోలేదండీ, వెలిసిపోని నలుపు అద్దించాలంటే ఆ కాలంలో చాలా ఖరీదు, అందుకే డబ్బున్నవాళ్లు నలుపు వేసుకున్నారు అని చెప్పాను. అప్పటినుంచి వారు ఏ సభకు వచ్చినా నల్లకోటే. ఈరోజు కూడా. (పెద్దగా నవ్వులు) మన్నించాలి ఊ గోపీకృష్ణ, ఉక్కబోతలో మీరు పడుతున్న శ్రమ నాకు తెలుసు.

ఇప్పుడు ఈ గోడల మీదున్న మన పెద్దల ఫొటోలు చూడండి. అందరి ఒంటి మీదా ఒకటే కోటు. ఎడమ జేబు దగ్గర, అదే చోట, అదే మాసిక. అది ఫొటో తీసినవాడి కోటు. స్టూడియో లోపలికి వెళ్లినవాడు రేవులో బస్తాలు మోసే కూలీ, గోడకెక్కినవాడు గుమస్తా. ఆ పుస్తకంలో పాలు ఒంపే ఒలందా పనిమనిషి మడిచిన చొక్కా చేతులు కూడా ఇంకా మనకు కనబడుతున్నాయి. మన నాయనమ్మలు ఏం కట్టుకుని పనికి వెళ్లారో చూపించే బొమ్మ ఒక్కటీ మనకు లేదు.

అందుకే అచ్చమ్మ గారిని అడిగాను. పడుచుతనంలో అహ్లోన్ బియ్యం మిల్లులో పనిచేసిన మనిషి. "ఏటి కట్టుకుంటాం? నడుముకి తమీన్ లుంగీ, మోకాళ్ల మీదకి ఎగదోపీడమే. పైన మా ఆయన పాత సొక్కా. గోనెసంచి ఓ మూల రెండో మూల్లోకి దూర్చీసి ముసుగులాగ నెత్తిన ఏసుకుంటాం, లేకపోతే తవుడు పేనుల్లాగ పట్టీస్తాది. బుగ్గలకి తనకా సెక్క గందం, తనకా మీద తవుడు. మా ఆయన నన్ను గోనెపట్టి గుర్తుపట్టీవోడు, మొకంపట్టి కాదు" అని చెప్పి ఆవిడ ఎంత నవ్వారో! చిమిండైంగ్ బజారులో దుకాణాల బోర్డులు రాసే మన హరి, ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆవిడ చెప్పిందల్లా పెద్ద చెక్క మీద దించాడు. గోనె పీచు ఒక్కో పోగూ కనబడింది. కనుబొమల మీద తవుడు, ముంజేతి మీద పచ్చబొట్టు, వెనక మిల్లు పొగగొట్టం. ఈనాటి ఈ వార్షికోత్సవానికి దాన్ని ఈ హాల్లో పెట్టాలని మాత్రమే నేను కోరాను.

కమిటీ ఆ చిత్రం చూసింది. పద్మిని గారు, "పెళ్లోరు భోజనాలకి కూసునే సోట గోనె కప్పుకున్న మనిషిని పెడతామేటి రత్నం? మగపెళ్లోరు మనల్ని ఏటనుకుంటారు?" అన్నారు. అధ్యక్షులవారు అంతకంటే పదునుగా మాట్లాడారు. "నీ ఒలందాయన ఒకే పసుపు సొక్కా తీసి నలుగురాడోళ్లకి తొడిగి బొమ్మలేసినాడని నువ్వే కదే సెప్పినావు? ఆయన తొడిగితే కళ, మనం తొడిగితే అబద్ధమేటి?" అన్నారు. ఆ మాట నేను చెప్పిందే. తెల్లటి బొచ్చు అంచున్న ఆ పసుపు చొక్కా ఆ పుస్తకంలో ఒకరి తరవాత ఒకరి ఒంటి మీద కనబడుతుంది. దెబ్బ తగలవలసిన చోటే తగిలింది.

జవాబు ఇంటికి వెళ్లి పుస్తకం విప్పాక దొరికింది. ఆ చిత్రకారుడే పాలు ఒంపే పనిమనిషినీ గీశాడు. ఆమెకు ఆ బొచ్చు అంచు చొక్కా తొడగలేదు. మోచేతి కింద ఎండకు కందిన చర్మం, పైన మడతల చాటున తెల్లటి చర్మం, ఉన్నది ఉన్నట్టు గీశాడు. ఆమె గనక మన అహ్లోన్ మనిషైతే, అధ్యక్షా, మనం ఆ చేతులు కడిగించి, గాజులు తొడిగించి, పాలగిన్నె పక్కన పెట్టించి, అప్పుడు నిలబెట్టేవాళ్లం.

పద్మిని గారి బాధ నాకు తెలియదని అనుకోకండి. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే బళ్లో చదివాం. వాళ్లమ్మ మిల్లు నుంచి గోనె ముసుగుతోనే బడి గేటు దగ్గరికి వచ్చేదని ఆవిడను గోనెపిల్ల అని ఏడిపించేవారు. ఆ ఏడుపు నేను చూశాను. పేరు పెట్టినవాళ్లను వదిలేసి మనం గోనెను శిక్షించాం. నా కోపమంతా అదే. మీ మీద కంటే, పద్మినీ, దాని మీదే ఎక్కువ.

తరవాత పై గది ఖాళీ చేయమని నాకు, చిత్రాన్ని సరిచేయమని హరికి కబురు వచ్చింది. అతన్ని నేను తప్పుపట్టను. ఈ హాలు పెళ్లిబోర్డులు రాస్తేనే అతని ఇల్లు గడుస్తుంది. గోనె స్థానంలో మెరూన్ రంగు పట్టుచీర వచ్చింది, దానికి జానెడు జరీ అంచు వచ్చింది. తవుడు పోయింది. పచ్చబొట్టు గాజుల కిందకి పోయింది. మిల్లు పొగగొట్టం గాలిగోపురమైంది. (అక్కడక్కడా నవ్వులు) నవ్వండి, నేను కూడా మొదట నవ్వాను.

ఈరోజు ఉదయం అచ్చమ్మ గారిని వెంటపెట్టుకుని ఈ హాలుకు వచ్చాను. సభలో జనం ముందు తెర లేచినప్పుడు ఆవిడ తుళ్లిపడకూడదని ముందే చూపిద్దామనుకున్నాను. తెర పక్కకు తీశాను. ఆవిడ చాలాసేపు చూశారు. "ఎవులే ఈ అమ్మగోరు? మిల్లుదొర ఇల్లాలా?" అన్నారు. నేను చెప్పేలోగానే ఆవిడ చెప్పులు విడిచి, ఆ చిత్రానికి చేతులెత్తి దణ్ణం పెట్టారు.

తన బొమ్మకే దణ్ణం పెట్టారండీ. మిల్లు గేటు దగ్గర దొరల కారు వస్తే పక్కకు తప్పుకుని పెట్టే దణ్ణం. సాయంత్రం సభకు రండి పెద్దమ్మా అన్నాను. "పెద్దోళ్ల సభ, మనకేటిలే" అని వెళ్లిపోయారు. ముందు వరుసలో ఆ ఖాళీ కుర్చీ ఆవిడదే. సంచులు పెట్టిన పెద్దలు దయచేసి తీసేయండి.

చిత్రం కింద ఇత్తడి రేకు బిగించారు. 'శ్రీమతి అచ్చమ్మ గారు, బియ్యం మిల్లు శ్రామికురాలు' అని చెక్కించారు. నేను సంఘానికి వ్యతిరేకిని కాను. చెక్క సంఘానిది, రంగులు సంఘానివి, గోడా సంఘానిదే. చిత్రం మీరే ఉంచుకోండి. కానీ ఆ పేరు ఆవిడది. పొద్దున్న ఆవిడ వెళ్లిపోయాక ఆ రేకు విప్పించాను. అది ఇప్పుడు నా సంచిలో ఉంది. మరలు ఎవరు తిప్పారని నన్ను అడగవద్దు, చెప్పను. హరీ, నువ్వు తల దించుకోకు, అందరూ నీ వైపే చూస్తున్నారు. (నవ్వులు)

ఊ గోపీకృష్ణ గారూ, ఇక తెర లాగండి. ఈ అమ్మగారు ఎవరని మగపెళ్లివారు అడిగితే మీకు తోచిన పేరు చెప్పుకోండి. అచ్చమ్మ అని మాత్రం చెప్పకండి.

నాకు శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు. వృత్తిరీత్యా అంచు తిప్పి చూశాను, కుట్టు బాగుంది. ఇంతసేపు నన్ను మాట్లాడనిచ్చినందుకు కృతజ్ఞతలు. కరెంటు ఇంకా పోలేదు, దానికి కూడా. ఇక ఈ మెట్లు నేను ఎక్కను. సెలవు.