మల్లె అత్తరు

అత్తిముగంలోని తన తోట నుంచి మంజులమ్మ మల్లెమొగ్గల బుట్ట తెచ్చి, హోసూరులో తోటికోడలు తార ముందు దించింది. తార తాను చేసిన అత్తరు ఒక చుక్క ఆమె మణికట్టుకు పూసింది. ఎండనపడి వచ్చిన ఒళ్ళు చల్లబడినట్టయింది. ఆ హాయి మంజులమ్మకు గిట్టలేదు.

"ఎవరు నేర్పించినారు నీకు?"

"అత్తమ్మేనక్కా. గంధం నూనెలో దినామూ కొత్త మొగ్గలు వేసి, పాతవి తీసేయమన్నారు. ఎండాకాలానికి కొంచెం వట్టివేరు కలపమన్నారు."

"ఇరవై ఏండ్లు ఆ యమ్మకు వండి పెట్టినాను. నాకు ఒక్క మాట చెప్పలే. నువ్వొచ్చి మూడేండ్లు కాలే."

"నువ్వెప్పుడన్నా అడిగినావా అక్కా?"

"అడిగితేనే చెప్పల్లా? పూలు నావి, పేరు నీది. రేపట్నించి పూలు యాడన్నా కొనుక్కో పో."

తార మెల్లగా అంది.

"పోయినేడు మొదటి సీసా అత్తమ్మకే చూపించినానక్కా. కండ్లు మూసుకుని వాసన చూసి, 'మా పెద్దకోడలు తోటలోనుంచి ఇంట్లోకి వచ్చినట్టుందే' అన్నారు. ఆమెకు అదే కడపటి ఎండాకాలం."

మంజులమ్మ కండ్లలో నీళ్ళు తిరిగాయి.

"చూసినావా, ఆ మాట కూడా నీకే చెప్పింది."