నవ్వు బొమ్మ పెట్టినందుకు

"పెద్దమ్మా, ఒక్క నవ్వు బొమ్మ పెట్టినందుకు ఫోన్ గుంజుకుంటావా? ఇప్పుడు ఎవురికేమైందని?"

ఎవురికేమైందా? టుట్సీలకైంది. రువాండా దేశంలో, పంతొమ్మిదొందల తొంభై నాలుగు ఏప్రిల్‌లో. అట్ల చూడొద్దు భారతీ, నాకు మతి బాగానే ఉంది. కూర్చో. ఆ చెనిక్కాయలు ఒలుస్తా విను. ఫోన్ నా ఒళ్ళోనే ఉంటాది, యాడికీ పోదు.

మన వెస్తీన్ ఉంది కదా, ఈ ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆమె, పొట్టిగా, నవ్వితే పళ్ళన్నీ కనపడతాయే, ఆమెది రువాండా. పొద్దున పాలకని వంటగదిలోకొచ్చి, మళ్ళా గదిలోకి పోయి తలుపేసుకునింది. చూసినావా నువ్వు? యాడ చూస్తావు, తల ఫోన్లో ఉంటే! నేను ఈ అరబ్బు దేశానికి, ఈ ఉమ్ సలాల్‌కు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మీ నాయన పెండ్లికి కట్టిన చీరతోనే ఇమానమెక్కినా. అప్పుడు ఇంటికి ఫోన్ చెయ్యాలంటే పది రియాళ్ళ కార్డు గీకల్ల, 'బాగుండారా' అనేలోపల అయిపోయేది. ఇప్పుడు ఊరక వస్తాంది కాబట్టి నోటికొచ్చిందంతా పంపుతాండారు.

ఏం చెప్తాండా... ఆఁ, శేషయ్య. అల్ తుమామాలో స్టోర్ కీపరు. శుక్రవారం వాళ్ళ మిద్దె మీద మనోళ్ళంతా కలిసి వండుకుంటారు కదా, ఆ వంటకు ఆయప్పే పెద్ద. ఎవురు పెద్దను చేసినారో ఆయప్పకే తెలియల్ల. కొత్తోళ్ళొస్తే కులం అడగడు. ఛీ ఛీ, మర్యాదస్తుడు. మూడు ప్రశ్నలేస్తాడు. ఇంటిపేరేంది? ఊరేంది? ఊర్లో మీ ఇల్లు ఏ పక్క? అంతే. మూడోదానికి జవాబొచ్చేసరికి చేతిలో గరిటెకు తెలిసిపోతాది, నీకు ముక్కలెయ్యాల్నా, పులుసు పొయ్యాల్నా అని.

నన్నూ అడిగినాడు మొదట్లో. 'ఇంటిపేరు వంటగది, ఊరు ఉమ్ సలాల్, ఇల్లు మా యజమాని కఫీల్ ఇంటెనక పక్క' అన్నా. ఆ పొద్దు నుంచి నాకు ముక్కలూ పులుసూ రెండూ వేస్తాడు, భయానికి.

పోయిన చలికాలం వెస్తీన్‌ను ఆడికి తీసుకపోయినా. ఈ ఇంట్లో పనోళ్ళ కూడు తిని తిని నాలుక చచ్చిపోయింది ఆమెకు, పాపం. శేషయ్య ఫోన్లో రువాండా మీద ఏదో వీడియో చూసున్నాడు. చూసినాక పండితుడే కదా! ఆమెను కిందికీ మీదికీ చూసి, 'టుట్సీలంటే పొడుగ్గా, కోటేరు ముక్కుతో ఉంటారు. ఈమె పొట్టి, ముక్కు చప్పిడి. హుటూనే. ఆడ చంపినోళ్ళ మనిషి' అని హిందీలో, ఆమెకు అర్థమయ్యేటట్లే చెప్పినాడు. ఇంటిపేరు అడిగితే తెలిసేది కాదు కదా, ముక్కు మీద పడినాడు.

ఆమె పళ్ళెం కింద పెట్టింది. 'నేను టుట్సీని భాయ్. మా ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే' అనింది.

శేషయ్య ఊరుకుంటాడా? 'మరి ముక్కు...' అంటాడు. ఇంకా ముక్కే!

'మా ఊర్లో దారికి అడ్డం నిలబడినోళ్ళు కూడా ముక్కే చూసినారు' అనింది వెస్తీన్. 'మా నాయన టుట్సీ, అమ్మ హుటూ. పిల్లలకు నాయనదే వస్తాది. మా మేనమామ హుటూ కాబట్టి నన్ను తన ఇంట్లో మంచం కింద దాచిపెట్టినాడు, చిన్నపిల్లను అప్పుడు. నాకు తిండికని పిండి తేవడానికి బయటికి పోయినాడు. మనిషి పొడుగు. కార్డు ఇంట్లో మరిచిపోయినాడు. హుటూని, హుటూని అని అరిచినాడంట. పొడుగు చూసి నరికేసినారు.'

మళ్ళా శేషయ్యను నేరుగా చూసి, 'నువ్వు ఆడ ఉండింటే నీకు పని దొరికేది భాయ్. ఆ పనిలో తప్పు చెప్పినా ఫర్వాలేదు' అనింది. ఇద్దరం మిద్దె దిగి బస్సెక్కేసినాం.

ఆ కార్డేందో తర్వాత చదువుకున్నా. మా నాయన నన్ను బడి మాన్పించినాడు గానీ చదవడం మాన్పించలేకపోయినాడు. ఈ ఇంటోళ్ళ పెద్దపాప కాలేజీ పుస్తకాలు అట్టపెట్టెలో పడేస్తే, అర్థాలు ఫోన్లో వెతుక్కుంటా చదివినా. హుటూలు, టుట్సీలు ఒకే మాట మాట్లాడతారు, ఒకే దేవునికి మొక్కుతారు, ఒకే గుట్ట మీద ఇండ్లు. పశువులున్నోళ్ళు టుట్సీలు, సేద్యం చేసేటోళ్ళు హుటూలు అని ఒక మోస్తరు తేడా. పెత్తనాలు లేవని కాదు, ఉండినాయి. అయినా ఈ పక్కోడు ఆ పక్కకు మారడం కూడా ఉండిందంట. అంతలో తెల్లోళ్ళొచ్చినారు. ముక్కులు కొలిచినారు! పరికరం పెట్టి! దేశమేలడానికొచ్చిన దొరలకు అంతకంటే పని లేదు చూడు. టుట్సీలు గొప్పోళ్ళని పెత్తనమిచ్చి, ఒక్కొక్కరి కార్డులో జాతి రాసేసినారు బెల్జియమోళ్ళు. రాసినాక ఇంక మారేదేముంది. పోయేముందు ఆ దొరలే హుటూల పక్కకు దూకినారు. ఇంక టుట్సీలను తరమడాలు, తరిమినోళ్ళ బిడ్డలు తుపాకులతో తిరిగిరావడాలు, భూమి చాలక, కాఫీకి ధర లేక జనం అల్లాడడం... గద్దె కదుల్తాంటే దాని మీదుండే హుటూ పెద్దలు ఏం చేస్తారు? నీ ఆకలికి వీడే కారణమని పక్కింటి టుట్సీని చూపించినారు. వార్తల్లోనేమో యుగాల నాటి పగ అంటారు. మా అవ్వ కమ్మల కంటే కొత్తది ఆ పగ!

మన శేషయ్య ఉన్నాడే, బెల్జియం ముఖం చూడకుండానే బెల్జియమోడైనాడు.

ఇంకోటి విను, ఇదే అసలైంది. ఇరుగుపొరుగోళ్ళకు నరికేదానికి చేతులెట్లొచ్చినాయని ఒకసారి అడిగినా వెస్తీన్‌ను. రేడియో అనింది. పాటలు బాగుండేవంట, నడుమ నడుమ జోకులు. ఆ జోకుల్లో టుట్సీలను బొద్దింకలనేటోళ్ళు. 'మొదట అందరూ నవ్వినారు సిస్టర్. పాటల కోసం మా ఇంట్లో కూడా అదే పెట్టేవాళ్ళం' అనింది. నవ్వి నవ్వి అలవాటైనాక, బొద్దింకను చంపేదానికి ఎవురు ఆలోచిస్తారు? మనం చెప్పు తీసుకుంటాం. వాళ్ళు కత్తులు తీసుకున్నారు.

ఇప్పుడు పొద్దుటి సంగతికి రా. పక్కింట్లో పనికొచ్చిన మరియమ్మ ఎవురు? మన ఊరి కాలనీ పిల్లే కదా. వచ్చి నెల కాలేదు. ఆ ఇంట్లో తెలుగు మాట వినపడదు. శుక్రవారం వంట ఒక్కటే దిక్కు ఆ బిడ్డకు. దానికి శేషయ్య మన వంట గ్రూపులో వాయిస్ పెట్టి ఏం వాగినాడు? 'ఈ కాలనీ బొద్దింకలు ఒకటి దూరితే నూరు దూరుతాయి, మన వంటలోకి రానియ్యొద్దు.' నువ్వేమో వంటగదిలో గట్టిగా పెట్టి విని, పకపకా నవ్వి, నవ్వు బొమ్మ కొట్టినావు. నీ కింద వరసగా ఎంతమంది నవ్వినారో చూసుకో. పాలకొచ్చిన వెస్తీన్ 'ఏం జోక్?' అనింది. ఏమని చెప్పల్ల నేను? 'మాఫీ' అన్నా, ఏం లేదని అరబ్బీలో. ఆమెకు తెలుగు రాదు గానీ ఆ నవ్వు తెలుసు.

ఊరకనే పెట్టినావా? ఆడా అందరూ ఊరకనే నవ్వినారు.

శేషయ్యకు ఎదురు చెప్తే నిన్నూ రావద్దంటాడా? అననీ. ఆయప్ప పులుసులో ఉప్పెక్కువ. మరియమ్మతో మనం ముగ్గురం ఈడనే సంగటి కెలుక్కుందాం, వెస్తీన్‌తో నలుగురం.

ఇదో నీ ఫోన్. ముందు ఆ నవ్వు తీసెయ్యి. తీసినావా? ఇప్పుడు గ్రూపులోనే రాయి, అందరూ చూసేటట్లు. 'మరియమ్మ శుక్రవారం నా పక్కన కూర్చుని తింటాది. అది మీ మిద్దె మీదనో, మా వంటగదిలోనో మీరే చెప్పండి.' ఆఁ, అక్షరాలు సరిగానే పడతాండాయి. నూరేళ్ళు సల్లగా ఉండు తల్లీ. పక్కన ఎవురు కూర్చున్నా కూడు సయించే కడుపు ఇయ్యల్ల దేవుడు నీకు.

కింద పేరు వెయ్యి. తేదీ కూడా. ఫోనే వేస్తాదా? వేస్తే వెయ్యనీ, నీ చేత్తో నువ్వూ వెయ్యి. ఆ దేశంలో నరకడం మొదలైన రోజది, ఏటా వెస్తీన్ తలుపేసుకునే రోజు. రాసుకో... ఏప్రిల్ ఏడు.