పాప గదిలో ఫెబీ బట్టలు

కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల్ని చూసుకునే ఫాస్టర్ కేర్ నుంచి దత్తత తీసుకోబోయే పాప కోసం అమెరికాలో, కాపెల్‌లోని తమ ఇంట్లో నిన్ననే ఖాళీ చేసిన గది అది. రష్మి తలుపు తీసేసరికి ఫెబీ బట్టలు మళ్లీ అక్కడే వేలాడుతున్నాయి.

"ఇవెందుకు తిరిగొచ్చాయి?"

"ఊరికే."

"రేపు సోషల్ వర్కర్ ఇల్లు చూడ్డానికొస్తుంటే ఊరికేనా? నిజం చెప్పు, నీకు పాప వద్దా?"

"అదేం మాట! ఫారాలన్నీ ఫిల్ చేసింది నేనే కదా."

"మరి నీ బైబిల్ కూడా మన గదిలోంచి ఇక్కడికెందుకొచ్చింది?"

ఫెబీ మంచం మీద దుప్పటి సర్దింది. రష్మికి అసలు సంగతి తట్టింది.

"ఇవాళ ఆదివారం. మీ అమ్మ వీడియో కాల్ చేస్తుంది, అంతేనా?"

"ఆరేళ్లుగా ఇదే నా గది అనుకుంటోంది రష్మీ. నువ్వు రూమ్మేట్‌వని చెప్పా."

"పాప వచ్చాక?"

"అప్పుడు ఏదో ఒకటి చెప్తాలే."

"నువ్వు చెప్తావా, పాపతో చెప్పిస్తావా? అది నన్ను అమ్మా అంటే, అమ్మమ్మ ముందు మాత్రం ఆంటీ అనమని నేర్పుతావా?"

ఫోన్ మోగింది. ఫెబీ అలవాటు కొద్దీ ఆ మంచం మీద కూర్చోబోయి ఆగింది. ఫోన్ పట్టుకుని తమ గదివైపు నడిచింది.

"రష్మీ, నువ్వూ రా."