బోణీ చెడగొట్టినవారికి బజారు ఇవ్వని అధికారిణి

1984 జూన్ పద్దెనిమిదవ తేదీన సాన్ తెల్మో నగరపాలక కార్యాలయంలో, వ్యాపార అనుమతుల విభాగాన గుమాస్తాగా చేరిన శ్రీమతి రెమెజియా పల్మారెస్ గారు ఈ శుక్రవారం పదవీ విరమణ చేస్తున్నారు. చిన్నాపెద్దా అందరికీ ఆమె ‘మనాంగ్ రెమ్’, మనందరి అక్క. ఈ సంచికకు రెండు మంచి మాటలు రాసిమ్మని అభినందన సంఘం వారు నన్ను కోరారు. పదిహేనేళ్ళు ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసినవాణ్ణి కనుక మంచి మాటలకు కొదవ లేదు. కానీ వాటిలో కొన్ని కడుపు మండి వచ్చినవి; వాటిని దిద్దకుండా అచ్చువేయమని సంఘం వారికి ముందే విన్నవించాను.

అనుమతి కోసం వచ్చిన చిరువ్యాపారి గదిగదికీ తిరిగి కాళ్ళరిగిపోయే రోజులవి. ఆరోగ్యశాఖవారినీ అగ్నిమాపకశాఖవారినీ బతిమాలి, కసిరి, తన గదికే రప్పించి, దరఖాస్తుదారు ఒక్క గడప తొక్కితే చాలునన్న పద్ధతిని నెలకొల్పినవారు రెమెజియా గారు. దానికి ‘సంస్కరణ’ అని పేరు పెట్టి, రాజధాని వెళ్ళి పతకం పుచ్చుకున్నవారు మాత్రం వేరే.

1996లో పెట్టుబడుల ప్రోత్సాహక విభాగానికి అధిపతిగా నియమితులైన ఆమె, నగర పెట్టుబడుల శాసనాన్ని స్వయంగా రచించి, అందులో ఒక నిబంధనను పట్టుబట్టి చేర్పించారు. ప్రజా బజారును ఏ సంస్థకు కౌలుకిచ్చినా, అప్పటికే అక్కడ అమ్ముకుంటున్నవారికి కొట్లపై మొదటి హక్కు ఉండాలన్నదే ఆ నిబంధన. “బయటినుంచి తెచ్చేవాడిదేనా పెట్టుబడి? తెల్లారకుండానే రేవుకెళ్ళి సరుకు కొనుక్కొచ్చే ఆడమనిషిది కాదా?” అని వాదించి ఆమె నగర మండలి సభ్యులను ఒప్పించారు.

ఆ నిబంధనకు 2011లో పరీక్ష వచ్చింది. బజారు స్థలంలో భారీ అంగడి సముదాయం కడతామని ఒక సంస్థ ప్రతినిధి విచ్చేయగా, కౌన్సిలర్ ఎల్పిదియో గారూ, రెమెజియా గారూ, నేనూ ఆయనను తెల్లవారుజామున బజారు చూపించడానికి తీసుకువెళ్ళాం. బుయెనా మానో, అంటే మన బోణీ బేరం, ఎంత ముఖ్యమో ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కరలేదు. తొలి డబ్బును సరుకు మీద తట్టనిదే పెట్టెలో వేసేవారు మన ఊళ్ళో లేరు. ఎండుచేపల బసిలీసా అప్పుడే బుట్టలు సర్దుకుంటోంది. ఆ సంస్థ పెద్దమనిషి నెత్తళ్ళు బేరమాడారు. బోణీ కదా అని ఆమె దిగివచ్చి, తూచి, పొట్లం కట్టింది.

“ఊరికే అడిగాలే, మార్కెట్ ఎలా ఉందో చూద్దామని,” అంటూ ఆయన నవ్వి, పొట్లం అక్కడే వదిలేశారు.

“అయ్యో సార్, బోణీ! పొద్దున్నే నా నోట్లో మట్టి కొట్టకండి,” అని బసిలీసా గొల్లుమంది.

“ఇదంతా మూఢనమ్మకం.”

రెమెజియా గారు ఆయనకు అడ్డంగా నిలబడ్డారు. “మూఢనమ్మకమే అనుకోండి. తూయించుకున్నారుగా, తీసుకోండి. ఒక్క కొట్టు దగ్గర మాట మీద నిలబడనివాళ్ళకి బజారంతా ఎలా రాసిస్తాం?”

“మేడమ్, నేనొచ్చింది ఎండుచేపలు కొనడానికి కాదు!”

“తెలుస్తూనే ఉంది. వీళ్ళని ఖాళీ చేయించడానికొచ్చారు. మా శాసనంలో అది కుదరదు.”

సంస్థ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. బజారు నిలిచింది. ఇందుకు నగర మండలి ఆమెకిచ్చిన బహుమానం శ్మశానాల విభాగానికి బదిలీ! అక్కడికీ వెళ్ళి ఎల్పిదియో గారు ఎకసెక్కమాడారు: “ఇక చచ్చినవాళ్ళనడుగు మనాంగ్, పెట్టుబడి పెట్టమని!”

“వీళ్ళే నయం కౌన్సిలర్ గారూ. ఎవరొచ్చి లెమ్మన్నా లేవరు,” అన్నారామె.

నగరానికి వ్యాపారాలు తెచ్చిన మనిషిని పదమూడేళ్ళు సమాధులకు కాపలా పెట్టడం సిగ్గుచేటు. ఈ మాట అనడానికి నాకు ఎవరి అనుమతీ అక్కరలేదు. అయినప్పటికీ, నిబంధనను తొలగించాలని ఎవరు కదిపినా ఆమె అక్కడినుంచే లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపేవారు. శాసనం రాసిన అధికారిణి మాటను కాదనే ధైర్యం మండలికి చాలేది కాదు. ఇప్పుడు చాలింది. అదే సంస్థ మళ్ళీ వచ్చింది. శుక్రవారం మనం ఆమెకు జ్ఞాపిక ఇస్తాం. సోమవారం ఉదయం అదే సభామందిరంలో ఆ నిబంధన రద్దుకు బహిరంగ విచారణ. ఆమె గడప దాటేదాకా ఆగారంటే ఎంత మర్యాదస్తులు!

“ఆ జ్ఞాపిక వాళ్ళ మొహానే కొట్టి రండి మనాంగ్,” అన్నాను, ఉక్రోషం ఆపుకోలేక.

“ఊరుకో దోసీ. వడ్డించిన పన్సిట్ నూడుల్స్ తిని మరీ వస్తా,” అని ఆమె నవ్వారు.

ఉద్యోగి ఎవరూ బహిరంగ విచారణలో నోరు విప్పరాదన్నది మన సేవా నియమం. నలభై ఏళ్ళు ఆమె దానికి తలవంచి, కాగితాలు అందిస్తూ వెనుక వరుసలో మౌనంగా కూర్చున్నారు. శుక్రవారం సాయంత్రం అయిదింటితో ఆ నియమం ఆమెకు వర్తించదు. సోమవారం మాట్లాడేవారిలో మొదటి పేరు ఆమెదే. నమోదు చేసినవాణ్ణి నేనే. శ్రీమతి రెమెజియా పల్మారెస్ గారికి నిండు నూరేళ్ళ ఆయుష్షునూ, చెక్కుచెదరని ఆరోగ్యాన్నీ, ముఖ్యంగా సోమవారం నాటికి దగ్గూ జలుబూ సోకని గొంతునూ ప్రసాదించమని ఆ భగవంతుని వేడుకుంటున్నాను.